పటాన్‌చెరు రేకుల షెడ్డులో సముద్రం అడుగు

సముద్రం అడుగు గీయడం మొదలుపెట్టిన పదకొండేళ్ళకు గానీ నేను సముద్రాన్ని చూడలేదు. చూసిన రోజు మావారు ఎంతో ఆశగా నా మొహంలోకి చూస్తూ, "ఎట్లున్నది సముద్రం?" అని అడిగారు. "పైన ఏం లేదు, అన్ని నీళ్ళే," అన్నాను. ఆయన ఆ మాట ఇప్పటికీ ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంటారు. కానీ నేను అబద్ధం చెప్పలేదు. అసలు సరుకంతా కిందే ఉంది.

మా తమ్ముడి కూతురు స్వప్న భూగర్భశాస్త్రం చదివి, నేను చేసినటువంటి ఉద్యోగంలోనే చేరబోతోంది. మొన్న వచ్చి, "అత్తా, ఆడ ఏం పని ఉంటదో జెర చెప్పరాదు," అంది. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి వచ్చినప్పుడు వచ్చాయి, రానప్పుడు రాలేదు. నేను చేసిన ఒక వెధవ తప్పు గురించి రాస్తాను. నా ఉద్యోగమంతా దాంట్లోనే ఉందని ఇప్పుడు అనిపిస్తోంది.

రేకుల షెడ్డు

ఎనభైల మధ్యలో మా ఆఫీసు పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు. ఒక పక్క మందుల కంపెనీ, ఇంకో పక్క రంగు డబ్బాలు చేసే కార్ఖానా. సముద్రం పనికి ఈ చోటు ఎవరు ఎంచారో, ఎందుకు ఎంచారో నాకు ఇప్పటికీ తెలియదు. మందుల కంపెనీ గాలి మా మీదికి మళ్ళినప్పుడల్లా ఆ రోజు వాళ్ళు ఏం వండుతున్నారో ముక్కుతోనే చెప్పగలిగేవాళ్ళం.

నాది సంగారెడ్డి. మా నాన్న మిషన్ బడిలో పంతులు. నేను జియాలజీతో డిగ్రీ చేసి, చెయ్యి కుదురుగా ఉందని మ్యాపులు గీసే పనిలో కుదిరాను. రోజూ ఎక్కే బస్సులో కండక్టరు ఒకసారి, "యాడ పని చేస్తవమ్మా?" అని అడిగాడు.

"సముద్రం కింద కొండలుంటయి, అవి గీస్తం."

"పటాన్‌చెరుల సముద్రమా? ఈడ మంజీరలనే నీళ్ళు లేవు," అని టికెట్టు చింపి నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత నన్ను చూసినప్పుడల్లా, "సముద్రం గేటు, దిగాలె," అని అరిచేవాడు.

పని ఏమిటంటే, ఓడ కింద ఒక యంత్రం నీళ్ళలోకి శబ్దం పంపుతుంది. అది అడుగును తాకి తిరిగొచ్చేసరికి ఎంతసేపు పట్టిందో చూసి, ఒక ముల్లు కాగితం మీద నల్లటి గీత కాలుస్తుంది. ఓడ నడుస్తున్నకొద్దీ గీత సాగుతుంది, కాగితం చుట్టుకుంటూ పోతుంది. ఆ చుట్టలు చెక్కపెట్టెల్లో రైలెక్కి సికింద్రాబాదుకు, అక్కడి నుంచి ట్రాలీ ఆటోలో మా షెడ్డుకు వచ్చేవి. మేము వాటిని విప్పి లోతులు కొలిచి మ్యాపు మీదికి ఎక్కించాలి. సాయంత్రానికి చేతులు బొగ్గు అమ్మేవాళ్ళ చేతుల్లా అయ్యేవి.

ఇక్కడ ఒక చిన్న పని ఉంది. కథంతా దాని మీదే నడుస్తుంది కనుక ఓపికగా చదవండి. ఓడ మీద చుట్టుకున్న చుట్టలో మొదట గీసింది లోపల ఉంటుంది, చివర గీసింది పైన ఉంటుంది. మేము దాన్ని తిప్పి చుట్టి, మొదలు పైకి వచ్చేలా చేసుకోవాలి. లేకపోతే తూర్పు పడమర అవుతుంది. దానికోసం పాత సైకిల్ రిమ్ముతో ఒక చక్రం చేయించుకున్నాం. నేను చక్రం తిప్పితే, రెండో కొస సత్తెమ్మ పట్టుకునేది. సత్తెమ్మ మా ఆఫీసు అటెండరు, లక్డారం మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. తిప్పడం అయ్యాక ఆమె ఓడవాళ్ళు కట్టిన సుతిలి తాడు తీసేసి ఎర్ర నాడా కట్టేది. నేను "తిప్పబడినది" అని రబ్బరు ముద్ర వేసేదాన్ని. ఎంత గొప్ప ఆఫీసైనా చివరికి ఇలాంటి ముద్ర మీదే నడుస్తుంది.

జొన్నరొట్టె

సముద్రాల మధ్యలో వేల మైళ్ళ పొడవునా పర్వతాల వరస ఒకటి ఉంది. హిందూ మహాసముద్రంలో ఉన్న భాగం మా వంతుకు వచ్చింది. దాని నడినెత్తిన ఒక లోయ. ఆ లోయకు అటూ ఇటూ సముద్రం అడుగు రెండుగా విడిపోతూ ఉంటుంది, ఏడాదికి రెండు వేళ్ళ వెడల్పు కూడా ఉండదు. విడిపోయిన సందులోకి కింది నుంచి కరిగిన రాయి వచ్చి గడ్డకట్టి కొత్త నేల అవుతుంది. ఇంతవరకు పుస్తకంలో ఉంది. లోయ దాటగానే మెట్లుమెట్లుగా కొండలు ఎందుకు లేచాయన్నది నాకు ఎంత చదివినా ఎక్కలేదు.

ఒక మధ్యాహ్నం సత్తెమ్మ తెచ్చిన జొన్నరొట్టె విరిచి పెడుతుంటే అంచు చూపించి, "అక్కా, ఈ పగులు ఎందుకొస్తది?" అని అడిగాను.

"వేడినీళ్ళు తక్వైతే పగుల్తది. నీళ్ళు మంచిగ పడ్డ పిండి ఎంత సాపితే అంత సాగుతది. పిండి ఎండినంక సాపితే ఇగ పగలక ఏం జేస్తది?"

నేను రొట్టె పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. కరిగిన రాయి చాలినంత వస్తే సందు నిండిపోతుంది, నేల నున్నగా సాగుతుంది. చాలకపోతే నేల తనే సాగాలి. అది చల్లారి గట్టిపడిన రాయి, సాగలేక పగులుతుంది. ఆ పగులునే ఫాల్టు అంటారు, తెలుగు పుస్తకాల్లో భ్రంశం అని రాస్తారు. పగులు వాలుగా లోయ వైపు దిగుతుంది, లోయ వైపు ముక్క దాని మీదుగా కిందికి జారుతుంది. దాంతో ఒక మెట్టు లేస్తుంది. మెట్టు నిటారు ముఖం లోయ వైపు, వాలు వీపు బయటి వైపు. నేల జరుగుతూ లోయకు దూరమయ్యేసరికి ఆ పగులు నిద్రపోతుంది, లోయ దగ్గర ఇంకోటి పుడుతుంది. అందుకే కొండలు వరసలు వరసలుగా, లోయకు సమాంతరంగా ఉంటాయి.

ముఖం లోయకు, వీపు బయటికి. నా గోడ మీద రాసిపెట్టుకున్న వాక్యం ఇదొక్కటే. దానికి ఎదురుగా కూర్చునే ఆ తప్పు చేశాను.

సత్తెమ్మ రొట్టె పాఠం మా ఆఫీసరుకు చెప్పాను. వారం తర్వాత పైనుంచి వచ్చిన కమిటీకి ఆయన అదే చెప్పారు, "నాకు ఒకరోజు భోజనం చేస్తుండగా తట్టింది," అని. టీ కప్పులు పట్టుకుని పక్కనే నిలబడ్డ సత్తెమ్మ నా వైపు చూసి కన్నుగీటింది.

పచ్చ సిరా

ఆ ఆఫీసరు గోపాలకృష్ణయ్య గారు, కోస్తా నుంచి వచ్చినవారు. తెలివైనవారే, కాదనను. ఆయనకు మూడు అలవాట్లు. అన్నీ పచ్చ సిరాతో రాస్తారు. ఎవరైనా ఏదైనా చెబితే "నా అనుభవంలో" అని మొదలుపెడతారు. మూడోది, టెలిఫోను డయలుకు చిన్న తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకుంటారు. మనం ఫోను చేయాలంటే ఆయన చొక్కా పైకెత్తాలి. ఆ కార్యక్రమం జరుగుతున్నంతసేపూ నేనూ సత్తెమ్మా గోడ వైపు తిరిగి నిలబడేవాళ్ళం.

ఒక వేసవిలో ఒకేసారి రెండు పెట్టెల చుట్టలు వచ్చాయి. ఎండలకు ముద్ర వేసే సిరా దిమ్మె ఆరిపోతుండేది. ఎన్నిసార్లని తడుపుతామని నేనొక తెలివైన పద్ధతి కనిపెట్టాను. పొద్దున్నే అన్ని చుట్టలకూ ముద్ర వేసేసి, తర్వాత తీరిగ్గా తిప్పడం. నాలుగు రోజులు చక్కగా జరిగింది. అయిదో రోజు మందుల కంపెనీ బస్సు డ్రైవరు, "సంగారెడ్డి పోతున్న, వస్తవా?" అని గేటు దగ్గర హారన్ కొట్టాడు. ఉన్న పని వదిలేసి పరుగెత్తాను. తిప్పని చుట్ట ఒకటి, తిప్పబడినది అనే ముద్రతో, తిప్పిన వాటిలో కలిసిపోయింది.

తర్వాతి వారం దాన్ని నేనే విప్పి గీశాను. ఓడ మీద గంటగంటకూ కాగితం మీద అడ్డగీత పెట్టి టైము రాయాల్సినవాడికి కడుపులో తిప్పినట్టుంది, గీతలు పెట్టాడు గానీ టైము రాయలేదు. నా మ్యాపు కాగితం అయిపోయేసరికి చుట్టలో ఇంకా బారెడు మిగిలింది. అది విప్పకుండానే ఆపేశాను. గీసింది చూస్తే కొండలన్నీ లోయకు వీపు పెట్టి నిలబడ్డాయి.

నేను తల గోక్కుంటూ తీసుకెళ్ళి చూపిస్తే గోపాలకృష్ణయ్య గారు కుర్చీలోంచి లేచారు. "సుగుణ గారూ, ఇది మామూలు విషయం కాదండీ. నా అనుభవంలో ఇక్కడ ఇలాంటిది ఎవరూ చూడలేదు."

"ఇంకో ఓడ గీత దీన్ని దాటే చోట లోతు కలవట్లేదు సార్."

"ఓడ ఎక్కడుందో ఓడకే సరిగ్గా తెలియదండీ. కలవకపోవడమే సహజం."

ఆయన్ని మరీ తిట్టుకోవాల్సిన పని లేదు. జోరుగా విడిపోయే సముద్రాల్లో బయటికి చూసే మెట్లు నిజంగానే ఉంటాయి. నమ్మదగిన తప్పులే మనిషిని ముంచుతాయి. ఆయన ఆ రోజే పచ్చ సిరాతో నాలుగు పేజీలు రాసి పైకి పంపారు. రాబోయే ఓడ ప్రయాణంలో మాకు ఇచ్చిన ఒక్క రోజూ అక్కడే రాళ్ళు తీయాలని నిర్ణయమైంది.

రాళ్ళు తీయడమంటే, గొలుసుల సంచి కట్టిన ఇనప చట్రాన్ని తాడుతో మెట్టు కింది అంచున దింపి, నిటారు ముఖం మీదుగా పైకి ఈడ్వాలి. పగిలిన రాయి సంచిలో పడుతుంది. వెనక వైపు నుంచి ఈడిస్తే వాలు వీపు మీద పేరుకున్న బురద తప్ప ఏమీ రాదు. ఈ పనికి యాదగిరిని పంపారు. రుద్రారం రైతుబిడ్డ, చదువులో చురుకు, మా దగ్గర మూడేళ్ళుగా టెంపరరీ. రాళ్ళు తెస్తే పర్మనెంటు చేస్తామని, లేకపోతే ఆ పోస్టే ఉండదని పైనుంచి చెప్పేశారు. వాళ్ళమ్మ ఆఫీసుకు వచ్చి, "సముద్రంల రాళ్ళకు నౌకరేందమ్మా, మా చెల్కల మస్తున్నయి," అని వాపోయింది. అతను మ్యాపు గొట్టంలో పెట్టుకుని కొచ్చి రైలెక్కాడు.

సుతిలి తాడు

అతను బయల్దేరిన మర్నాడు సత్తెమ్మ బీరువా తుడుస్తూ ఒక చుట్ట నా బల్ల మీద పెట్టింది.

"అమ్మా, దీనికి ఇంకా సుతిల్నే ఉన్నదేంది?"

"ఎర్ర నాడా అయిపోయిందేమో."

"నాడా ఏడికి పోయింది, గీడనే ఉన్నది. నువ్వు తిప్పేటప్పుడు ఇంకో కొస నేనే పట్టుకుంట గద. ఇది నేను పట్టుకోలే."

"ముద్ర ఉన్నది కదక్కా."

"ముద్ర నువ్వేసినవ్. నేను పట్టుకోలే," అంది.

నంబరు చూశాను, ఆ వీపు పెట్టిన కొండలు గీసిన చుట్టే అది. నేల మీద పరిచి, ఆరోజు విప్పని చివరి బారెడూ విప్పాను. లోపలి కొసన పెన్సిలుతో స్పష్టంగా రాసి ఉంది: ప్రారంభం, తూర్పు కొస, లోయ దగ్గర. పల్చటి కాగితం మీద నేను గీసిన ట్రేసింగును తిరగేసి, దాన్ని దాటే ఆ ఇంకో ఓడ గీత మీద పెట్టాను. దాటే చోట లోతు అచ్చంగా కలిసింది. కొండలన్నీ బుద్ధిగా లోయ వైపు ముఖం తిప్పాయి. నాకు మాత్రం ఎవరి వైపూ ముఖం తిప్పే ధైర్యం లేకపోయింది.

గోపాలకృష్ణయ్య గారి గదిలోకి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను.

"తాడు చూసి భూగర్భశాస్త్రం చెబుతారా అండీ?" అన్నారు.

ట్రేసింగు తిరగేసి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. ఆయనకు నిమిషంలో అర్థమైందని నాకు తెలుసు, మిగతా సేపంతా పైకి పంపిన నాలుగు పేజీల గురించి ఆలోచించారు.

"ఓడ ఎల్లుండి కదులుతుంది సార్. తాళంచెవి ఇస్తే నేనే కొచ్చికి మాట్లాడతాను."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత తలుపు వైపు చూసి, "సత్తెమ్మా, ఇవాళ టీలో పంచదార వేశావా?" అని అడిగారు.

"యాదగిరి నౌకరీ పోతుంది సార్."

"వచ్చాక చూద్దామండీ. బురద వస్తే బురద మీద రాద్దాం. బురద కూడా శాస్త్రమే," అని ఫైలు తెరిచారు.

నేను ఇలాంటి చోట నోరు మూసుకునే మనిషినే. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నారు, అప్పుడప్పుడే ఉద్యోగం ఖాయమైంది. తిట్టుకుంటూ ఇంటికి పోయేదాన్నేమో. కానీ బయట సత్తెమ్మ నా చెప్పులు గుమ్మం వైపు తిప్పి పెట్టి నిలబడి ఉంది. "పోస్టాఫీసు బంద్ గాలే ఇంక. జల్దీ పో," అంది.

టెలిగ్రాం

పటాన్‌చెరు పోస్టాఫీసు గుమాస్తా నా కాగితం రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తీశాడు. కొచ్చి రేవులో ఓడ ఎక్కబోయే యాదగిరికి ఇంగ్లీషులో రాసిన దాని సారం ఇది: మెట్లు లోయ వైపే చూస్తున్నాయి. మ్యాపులో ఆ గీత ఒక్కటి తిరగబడింది. తూర్పు నుంచి పడమరకు ఈడ్చు. కింద కొత్త చోటు తాలూకు అక్షాంశం, రేఖాంశం.

"ఇదేందమ్మా, కోడ్ భాషనా? నంబర్లు గిట్ల ఉన్నయి. రేపు పోలీసోళ్ళు నన్నడుగుతరు."

"సముద్రం కింద కొండలన్నా."

"పటాన్‌చెరుకెళ్ళి సముద్రానికా?" అని పక్కనున్న ఆయన్ని కూడా పిలిచాడు. ఇద్దరూ కలిసి చదివారు. నేను సంగారెడ్డి పంతులు గారి బిడ్డనని, మా నాన్న దగ్గర వాళ్ళ బావమరిది చదివాడని తేలాక గానీ గుమాస్తా ముద్ర చేతిలోకి తీసుకోలేదు.

ముద్ర వేయబోతుంటే, "ఒక్క నిమిషం," అని కాగితం వెనక్కి తీసుకున్నాను. యాదగిరి దగ్గర ఆఫీసరు సంతకం ఉన్న మ్యాపు ఉంది. దాన్ని కాదని నా టెలిగ్రాం ఎందుకు నమ్మాలి? చివర "తప్పు నాది" అని రాశాను. ఆ మాట లేకుండా పంపితే రేపు ఓడవాళ్ళ పొరపాటు అని తప్పించుకునే దారి ఉండేది. రాశాక ఆ దారి లేదు. కాగితం మళ్ళీ గుమాస్తా ముందుకు జరిపాను.

తర్వాత ఐదు వారాలు ఏ కబురూ లేదు. టెలిగ్రాం అందిందో లేదో తెలియదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను, మావారు మజ్జిగ పోసుకుని తిన్నారు. ఆదివారం చర్చిలో అందరూ ఏనాటి రొట్టె ఆనాడు ఇమ్మని అడుగుతుంటే నేనొక్కదాన్ని రాళ్ళు ఇమ్మని అడిగాను. ఆఫీసులో పచ్చ సిరాతో మెమో వచ్చింది, అనుమతి లేకుండా టెలిగ్రాం ఎందుకు ఇచ్చారని. "తప్పు నాది కనుక దిద్దే పని కూడా నాదే అనుకున్నాను," అని జవాబు రాసిచ్చాను. ఆయన చదివి ఫైల్లో పెట్టారు.

ఐదో వారం చివర ఒక ట్రాలీ ఆటో గేటు దగ్గర ఆగింది. దాంట్లో నాలుగు గోనెసంచులు, వాటి మీద ఎండకు నల్లబడ్డ యాదగిరి. దిగి మొదటి సంచి విప్పాడు. అన్నీ రాళ్ళే. నేను అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చాను. సత్తెమ్మ, "రాళ్ళను జూసి ఏడుసుడేందమ్మా," అంటూ తనూ కళ్ళు తుడుచుకుంది.

"మేడం, సారు మ్యాపు కాదని ఎవడు ఇంకో దిక్కుకు ఈడుస్తడు?" అన్నాడు యాదగిరి. "తప్పు నాది అని మీరు రాయకపోతే నేను నమ్మకపోయేది. ఓడ కిటికీ అద్దానికి మ్యాపు ఉల్టా అతికిచ్చి, ఆ గీత ఒక్కటి మల్ల గీసుకున్న."

ఒక రాయికి ఒక పక్క నున్నగా, సన్నటి గాట్లతో మెరుస్తోంది. పగులు జారినప్పుడు రాయి మీద రాయి రాసుకున్న ముఖం అది. సత్తెమ్మ దాని మీద బొటనవేలు ఇటూ అటూ రాసి చూసింది. "గిటు జారింది," అంది. "గిటు నున్నగుంది, అటు గీరుకుంటున్నది." కాలేజీలో మాకు ఆ పరీక్ష నేర్పడానికి ఒక లెక్చరరుకు నెల పట్టింది.

తర్వాతి ఏళ్ళలో తెలిసింది, కరిగిన రాయి బాగా తగ్గిన చోట కొన్ని ఫాల్టులు నిద్రపోవట. ఒకే పగులు లక్షల ఏళ్ళు జారుతూ జారుతూ, ఎంతో లోతున ఉండే రాతిని పైకి లాగి పెద్ద గుమ్మటంలా నిలబెడుతుందట. ఈ సంగతి చదివిన రోజు సత్తెమ్మకు చెప్పాను. "పిండి మరీ ఎండింది," అంది, అంతే.

ఇప్పుడు చుట్టలు లేవు, సైకిల్ రిమ్మూ లేదు. తెర మీద కొండలు రంగురంగులుగా వాటంతటవే వచ్చి నిలబడతాయి. స్వప్నా, అవి ఎటు ముఖం పెట్టాయో అప్పుడు కూడా ఒకసారి అనుమానించు. చివరి బారెడు విప్పు. పని అయ్యాకే ముద్ర వెయ్యి. రెండో కొస పట్టుకున్న మనిషి ఏమంటుందో అడుగు.

తాళంచెవి

రాళ్ళ మీద రిపోర్టులో గోపాలకృష్ణయ్య గారు దిక్కులు సరిచేసి రాశారు. ఎవరు సరిచేశారో రాయలేదు. యాదగిరిని పర్మనెంటు చేయాలని మాత్రం గట్టిగా రాశారు. మెమో రాసిన పచ్చ సిరాతోనే అదీ రాశారు. మనుషులను పూర్తిగా మంచి అనో చెడ్డ అనో తేల్చుకోవడం నాకు అప్పటి నుంచే చేతకాకుండా పోయింది.

మూడేళ్ళకు ఆయన రిటైరయ్యారు. అప్పటికి పాత ఫోను పోయి, తాళం అక్కర్లేని కొత్తది వచ్చింది. దండలు, ఉపన్యాసాలు, మిక్చరు పొట్లాలు అయ్యాక నన్ను గదిలోకి పిలిచారు. ఒక్క నిమిషమని చెప్పి, ఈసారి ఆయనే గోడ వైపు తిరిగి నిలబడ్డారు. కాసేపు చొక్కా కింద తంటాలు పడి, ఇటు తిరిగి ఆ చిన్న తాళంచెవిని నా చేతిలో పెట్టారు.

"ఆ రోజు మీరు అడిగుంటే ఇచ్చేవాణ్ణండీ," అన్నారు.

"అడిగాను సార్."

ఆయన కిటికీ వైపు చూడలేదు, సత్తెమ్మను పిలవలేదు.

"అవును," అన్నారు. "అడిగారు."